అసలు సైబీరియా పిట్టలు

టెక్కలి దగ్గర తేలినీలాపురంలో చెట్ల మీద గూళ్లు కట్టుకున్న పెద్ద పక్షులను చూపించి ఎక్కడివని అడగండి. "సైబీరియా నుంచి వస్తాయండి" అని పిల్లల దగ్గర్నుంచి ముసలివాళ్ల దాకా తడుముకోకుండా చెబుతారు. పత్రికలూ ఏటా అదే రాస్తాయి. ఆ మాట వినడానికి బాగుంటుంది, అన్ని వేల మైళ్లు దాటి మన ఊరినే వెతుక్కుంటూ వచ్చాయంటే ఎవరికి గర్వంగా ఉండదు? కానీ ఆ గూడబాతులకూ ఎర్రకాళ్ల కొంగలకూ సైబీరియాతో ఏ చుట్టరికమూ లేదు. గూడబాతు అచ్చంగా మన పక్షి. భారతదేశం, శ్రీలంక, కంబోడియాల్లోనే పిల్లల్ని పెడుతుంది. మన రాష్ట్రంలోనే పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడులో అప్పట్లో ఉన్న పెద్ద గూడబాతుల కాలనీని 1946లో కేరళ పక్షి పరిశోధకుడు కె.కె.నీలకంఠన్ గుర్తించి లోకానికి చెప్పారు. ఇచ్ఛాపురం పక్కన తేలుకుంచిలో వానలతో పాటు దిగే నత్తగుల్ల కొంగలదీ ఇదే కథ. నీరు, చేప, నత్త ఎక్కడ దొరికితే అక్కడికి ఈ దేశంలోనే ఇటూ అటూ తిరిగే పక్షులవి.

తేల్చుకోవడానికి ఒక గుర్తు ఉంది. గూడు ఎక్కడ కడుతుందో ఆ పక్షి అక్కడిది. చలికి తట్టుకోలేక దక్షిణానికి దిగిన వలస పక్షి ఇక్కడ తింటుంది, నిద్రపోతుంది, ఈకలు మార్చుకుంటుంది, గూడు మాత్రం కట్టదు. తేలినీలాపురం చెట్ల మీద పిల్లలు అరుస్తున్నాయంటే అవి శ్రీకాకుళం జిల్లాలో పుట్టిన పక్షులే.

మరి సైబీరియావి? ఉన్నాయి, వేలల్లో ఉన్నాయి. చెట్ల మీద కాదు, బురదలో. గుప్పెట్లో పట్టేంత పిట్టలు, బూడిద రంగువి, దూరం నుంచి చూస్తే మట్టిగడ్డలకూ వాటికీ తేడా తెలియదు. వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం మొగ దగ్గర బైనాక్యులర్ పట్టుకుని నిలబడితే వల బాగుచేసుకుంటున్న పెద్దాయన ఒకాయన అడిగాడు: "ఏటి బాబూ, ఆటినంత సేపు సూత్తన్నారు? ఇసకపిట్టలు కదేటి. కూరక్కూడా రావు." సైబీరియా నుంచి వచ్చాయని చెబితే నవ్వేశాడు. నమ్మకపోవడం ఆయన తప్పు కాదు. ఏభై అరవై గ్రాముల ప్రాణి అంత దూరం నుంచి వచ్చిందంటే నమ్మేలా ఉండదు.

భూగోళం పటం తీసి కళింగపట్నం నుంచి నిటారుగా ఉత్తరానికి ఒక గీత గీయండి. నేపాల్‌లో అన్నపూర్ణ, మనస్లు శిఖరాల మధ్యగా పోతుంది. టిబెట్ దాటి, చైనా పడమటి ఎడారుల మీదుగా, రష్యాలోని తోమ్‌స్క్ నగరం పక్కగా సాగి, యెనిసెయ్ అనే మహానది ఆర్కిటిక్ సముద్రంలో కలిసే చోటికి కాస్త తూర్పున తైమిర్ ద్వీపకల్పం తీరాన్ని తాకుతుంది. ఆరు వేల కిలోమీటర్ల పైమాట. పిట్టలు సరిగ్గా ఈ గీత మీదే పోతాయని కాదు, పర్వతాలను చుట్టి వెళ్లేవీ ఉంటాయి, మధ్యలో చెరువుల దగ్గర దిగేవీ ఉంటాయి. కానీ మన మొగలో మార్చిలో పురుగులేరుకుంటున్న కర్ల్యూ శాండ్‌పైపర్ అనే పిట్ట జూన్ నాటికి గుడ్లు పెట్టే చోటు ఆ గీత చివరే ఉంది.

ఉత్తరాంధ్ర తీరంలో నదులు చిన్నవి, మొగలు చాలా. బారువ దగ్గర మహేంద్రతనయ, కళింగపట్నం దగ్గర వంశధార, శ్రీకాకుళానికి దిగువన కల్లేపల్లి దగ్గర నాగావళి, విజయనగరం జిల్లాలో కోనాడ దగ్గర చంపావతి. వీటి మధ్య పేరున్న గెడ్డలూ పేరులేని గెడ్డలూ. వానాకాలంలో నదిది పైచేయి, ఇసుకను తోసుకుంటూ దారి చేసుకుంటుంది. మాఘం దాటాక సముద్రానిది పైచేయి. నైరుతి నుంచి వచ్చే కెరటాలు తీరం వెంబడి ఇసుకను ఉత్తరానికి ఈడ్చుకుపోతుంటాయి. గొట్టా బ్యారేజీ దగ్గరా నారాయణపురం ఆనకట్ట దగ్గరా నీళ్లు కాలువలకు మళ్లిపోయి, చివరికి చేరే కాస్త ప్రవాహం ఈ ఇసుకను నెట్టలేదు. మొగకు అడ్డంగా ఇసుక దిబ్బ పెరుగుతుంది, దాని వెనక అలల తాకిడి లేని మడుగు మిగులుతుంది. పిట్టలకు కావలసింది ఆ మడుగే.

అక్కడి బురద వెనక చిన్న రసాయనం ఉంది. నది మోసుకొచ్చే బంకమట్టి రేణువులన్నిటి మీదా ఒకే రకం విద్యుదావేశం ఉంటుంది. ఒకదాన్నొకటి నెట్టుకుంటూ మంచినీటిలో తేలుతూనే ఉంటాయి. ఉప్పునీరు తగలగానే లవణాలు ఆ ఆవేశాన్ని చల్లార్చేస్తాయి. అప్పుడు నిమ్మరసం పడ్డ పాలు విరిగినట్టు మట్టి ముద్దలు కట్టి అడుగుకు దిగుతుంది. తూర్పు కనుమల నుంచి వచ్చిన ఆకులూ చెత్తా వాటితో పాటే దిగి కుళ్లుతాయి. కుళ్లిన దాని మీద సూక్ష్మజీవులు, వాటిని తిని పురుగులు, చిన్న గుల్లలు, రొయ్య జాతి పురుగులు. మోకాలి లోతు దిగబడే ఆ నల్ల మట్టిని మనం ముక్కు మూసుకుని దాటిపోతాం. నిజానికి మన జిల్లాల్లో అడుగు నేలకు అంత తిండి పండే చోట్లు ఎక్కువ లేవు.

ఈ తిండి నీటి కిందుంటే లాభం లేదు, బయటపడాలి. ఇక్కడ పంచాంగం పనికొస్తుంది. అమావాస్యకూ పౌర్ణమికీ ఆటుపోట్ల తేడా పెద్దది. విశాఖ తీరంలో ఆ రోజుల్లో సుమారు ఒకటిన్నర మీటరు దాకా ఉంటుంది. అష్టమి, నవమి నాటికి అందులో సగం కూడా ఉండదు. ఏడాది మొత్తంలో పగలూ రాత్రీ సమానంగా ఉండే మార్చి, సెప్టెంబరు నెలల చుట్టూ వచ్చే అమావాస్యల పోటు మరీ బలమైనది. ఉగాది ఎప్పుడు? మార్చి, ఏప్రిల్‌లో, అమావాస్య మర్నాడు. చంద్రుడి ప్రభావం నీటిలో పూర్తిగా కనబడడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది కాబట్టి పండగా, విదియా, తదియా మొగ దగ్గర నడవడానికి దివ్యమైన రోజులు. ఇంకో సంగతి. బంగాళాఖాతం మట్టం ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. మన తీరంలో అక్టోబరు, నవంబరుల్లో బాగా పైకి ఉంటుంది, మార్చి ప్రాంతంలో బాగా కిందికి దిగుతుంది. అంటే వసంతంలో బయటపడినంత బురద నేల మరే కాలంలోనూ బయటపడదు. పిట్టలకు తిండి అత్యవసరమైన వారాల్లోనే సముద్రం బల్ల పరిచి వడ్డిస్తుందన్నమాట.

ఎప్పుడు వెళ్లాలంటే, ఆటు పూర్తిగా దిగాక పోటు మళ్లీ మొదలయ్యే గంటలో వెళ్లండి. బురదంతా తేలి ఉన్నప్పుడు పిట్టలు చెదిరి ఎక్కడో దూరాన ఉంటాయి. నీరు ఎక్కుతున్న కొద్దీ వాటంతటవే ఒడ్డుకు, మీ దగ్గరికి వస్తాయి. మీరు కదలకుండా కూర్చుంటే చాలు. మనది తూర్పు తీరం, పొద్దున్న సూర్యుడు సముద్రం మీద ఉంటాడు. అందుకని ఉదయం అయితే ఇసుక దిబ్బ మీదికి వెళ్లి సముద్రానికి వీపు పెట్టి మడుగు వైపు చూడాలి, సాయంత్రం అయితే ఒడ్డు మీది సరుగుడు తోటల వైపు నుంచి చూడాలి. ఇది పాటించకపోతే అన్ని పిట్టలూ నల్లగానే కనిపిస్తాయి, పుస్తకం ఎంత మంచిదైనా ఉపయోగం ఉండదు.

మొదట రెండు రకాల నడకలను గమనించండి. ఒక పిట్ట నాలుగడుగులు పరుగెడుతుంది, ఠక్కున ఆగుతుంది, చూస్తుంది, వంగి ఒక్కటి పొడుస్తుంది, మళ్లీ పరుగు. అది ప్లవర్. కళ్లు పెద్దవి, ముక్కు పొట్టిది, కంటితో వేటాడే పిట్ట. తీతువు పిట్ట ఈ కుటుంబంలోదే, ఆ నడక మనకు పొలాల్లో తెలిసిందే. రెండోది తల ఎత్తకుండా నడుస్తూ ముక్కును బురదలో దించుతూ తీస్తూ పోతుంది. అది శాండ్‌పైపర్. దానికి కంటితో పెద్ద పని లేదు.

కర్ల్యూ శాండ్‌పైపర్‌ను పది గజాల దూరంలో చూడగలిగితే ఆ ముక్కు సంగతి తెలుస్తుంది. నాలుగు సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూ పొడవు, చివర కిందికి వంపు. ముక్కు మొత్తం బురదలోకి పోతుంది, కళ్ల దాకా మట్టి అంటుతుంది. ఒక్క క్షణం ఆగుతుంది, తల కొంచెం పక్కకు తిరుగుతుంది, బయటికి లాగేసరికి కొసన ఎర్రటి సన్నని పురుగు సాగుతూ వస్తుంది. గట్టిగా లాగితే తెగిపోతుంది కాబట్టి లాగీ లాగనట్టు, వదిలీ వదలనట్టు తీస్తుంది. మట్టి లోపల కనబడని పురుగును ఎలా పట్టింది? ఈ జాతి పిట్టల ముక్కు కొసలో హెర్బ్‌స్ట్ కణికలనే స్పర్శ గ్రాహకాలు గుత్తులుగా ఉంటాయి. అంతేకాదు, ముక్కు మొదలును మూసే ఉంచి కొసను మాత్రం తెరవగలవు. లోతు మట్టిలో నోరంతా తెరవాల్సిన శ్రమ లేకుండా కొసతోనే అందుకుంటాయి. రెడ్ నాట్ అనే దగ్గరి బంధువు మరో అడుగు ముందుకు వేసింది. తడి ఇసుకలో ముక్కు దించినప్పుడు నీటిలో పుట్టే ఒత్తిడి, లోపల గట్టి గుల్ల ఉంటే ఒకలా, లేకపోతే మరోలా తగులుతుంది. గుల్లను ముట్టుకోకుండానే అది ఉందని ఆ పిట్ట పసిగడుతుందని నెదర్లాండ్స్ శాస్త్రవేత్త థియునిస్ పియర్స్‌మా బృందం 1998లో నిరూపించింది.

అన్నిటికంటే చిన్న శాండ్‌పైపర్లు, పాతిక గ్రాముల లిటిల్ స్టింట్ లాంటివి, బురద పైపొరను తడుముతూ పోతుంటాయి. వీటి బంధువు వెస్టర్న్ శాండ్‌పైపర్ బురద మీద పేరుకునే సూక్ష్మజీవుల జిగట పొరనే నాలుకతో నాకి తింటుందని 2008లో జపాన్ శాస్త్రవేత్త తోమోహిరో కువాయె బృందం బయటపెట్టింది. నాలుక చుట్టూ కుంచె వెంట్రుకల వంటి ముళ్లుంటాయి. పొడవు ముక్కున్న కర్ల్యూ అనే పెద్ద పిట్ట అర అడుగు లోతు పీతను లాగుతుంది, నడిమి ముక్కువి మధ్య లోతు పురుగులు, పొట్టి ముక్కువి పైవి. ఒకే మడుగులో ఇన్ని రకాలు కొట్లాట లేకుండా తింటున్నాయంటే కారణం మంచితనం కాదు, ముక్కు పొడవు.

జనవరిలో వచ్చి చూసిన పిట్టనే ఏప్రిల్ మొదట్లో చూస్తే గుర్తుపట్టలేరు. బూడిద రంగు కర్ల్యూ శాండ్‌పైపర్ మెడ నుంచి పొట్ట దాకా ఇటుక రంగు తిరుగుతుంది. పసిఫిక్ గోల్డెన్ ప్లవర్ ముఖమూ పొట్టా నల్లబడి, వీపు మీద పసుపు చుక్కలు తేలతాయి. శాండ్ ప్లవర్ రొమ్ము మీద కాషాయపు పట్టీ వస్తుంది. ఈ చివరిదాని గురించి చిన్న మాట. ఇన్నాళ్లూ లెసర్ శాండ్ ప్లవర్ అని ఒకే పేరుతో పిలిచినదాన్ని ఈ మధ్య శాస్త్రవేత్తలు రెండు జాతులుగా విడదీశారు, సైబీరియాది ఒకటి, టిబెట్‌ది ఒకటి. మన వైపు చలికాలం గడిపేది ప్రధానంగా టిబెట్‌ది. సముద్ర మట్టంలో ఆరేడు నెలలు గడిపి, నాలుగు వేల మీటర్ల ఎత్తు దాటిన పీఠభూమిలో గూడు పెడుతుంది. దారి దగ్గరే, నిలువే ఎక్కువ.

పెళ్లిబట్టలు ఇక్కడే కట్టుకుని ఎందుకు బయల్దేరాలి, అక్కడికెళ్లాక మార్చుకోవచ్చు కదా? అక్కడ సమయం లేదు. ఆర్కిటిక్ వేసవి అంటే రెండు నెలలు. మంచు కరగడం, జత కుదరడం, గుడ్లు, పిల్లలు, తిరుగు ప్రయాణం అన్నీ అందులోనే. ఈకల పని, కొవ్వు పని రెండూ మన బురద తిండితో ముందే ముగించుకోవాలి.

కొవ్వు లెక్క చూడండి. గ్రాము కొవ్వు తొమ్మిది కిలోకాలరీలు ఇస్తుంది, పిండిపదార్థం గాని మాంసకృత్తులు గాని నాలుగు. పైగా ఒంట్లో ఆ రెండింటినీ నిల్వ చేయాలంటే నీటిని కూడా మోయాలి. ఆ నీటితో కలిపి తూచితే కొవ్వు ఎనిమిది రెట్లు లాభం. అందుకే ఫాల్గుణం, చైత్రం వచ్చేసరికి పిట్టలు పగలూ రాత్రీ తేడా లేకుండా, ఆటు ఎప్పుడుంటే అప్పుడు తింటాయి. దూరం పోయే శాండ్‌పైపర్లూ వాటి బంధువులైన గాడ్‌విట్లూ బక్కచిక్కినప్పటి బరువుకు సగం నుంచి రెట్టింపు దాకా అదనంగా చేరుస్తాయి. వెనక నుంచి చూస్తే నడకలో పొట్ట ఊగడం కనిపిస్తుంది. నేను నడకలో ఎక్కువ సేపు చూసేది దాన్నే. రంగు చూసి మురవడం సులువు, ప్రయాణానికి సిద్ధమైందా లేదా అన్నది చెప్పేది పొట్ట.

ఇంకా విచిత్రం బయల్దేరే ముందు జరుగుతుంది. 1987లో అలాస్కాలో కొన్ని గాడ్‌విట్లు రాడార్ గోపురానికి గుద్దుకుని చనిపోయాయి. వాటిని కోసి చూసిన పియర్స్‌మా, రాబర్ట్ గిల్ 1998లో రాసిన వ్యాసం ఈ రంగంలో బాగా పేరుపడింది. ఆ పిట్టల బరువులో సగానికి పైగా కొవ్వే. పేగులు, కాలేయం, మూత్రపిండాలు, గుల్లల్ని నలగ్గొట్టే కండర సంచీ మాత్రం చాలా చిన్నవైపోయాయి. గాలిలో తిండి ఉండదు కాబట్టి జీర్ణాంగాలు ఉత్త బరువు. బయల్దేరే ముందు వాటిని కుదించి, ఎగిరే కండరాలను పెంచుకుంటాయి. దిగాక మళ్లీ పేగును పెంచుకుని, తర్వాత తిండి. 2022 అక్టోబరులో ఒక గాడ్‌విట్ పిల్ల, పుట్టి అయిదు నెలలైనా నిండనిది, అలాస్కా నుంచి ఆస్ట్రేలియాలోని టాస్మేనియా దాకా 13,560 కిలోమీటర్లు పదకొండు రోజుల్లో ఎక్కడా ఆగకుండా పోయింది. మన మొగల నుంచి వెళ్లేవాటి ప్రయాణం అంత పొడవు కాదు గాని, ఇంజను అదే.

బయల్దేరే రోజు ఎలా తెలుస్తుంది? కెనడాలో విలియం రోవన్ అనే ఆచార్యుడికి ఏటా ఒకే తేదీల్లో దిగే యెల్లోలెగ్స్ అనే ఉల్లంకి జాతి పిట్టలను చూసి ఈ ప్రశ్న పట్టుకుంది. ఎండా చలీ ఏటా మారతాయి, మారనిది పగటి నిడివి ఒక్కటే. 1924 నుంచి ఎడ్మంటన్‌లో తన పెరట్లోని పంజరాల్లో జంకో అనే చిన్న పిట్టలను పెట్టి, గడ్డకట్టే చలిలో కరెంటు బల్బులతో పగటిని రోజుకు కొద్దికొద్దిగా పొడిగించాడు. నడి చలికాలంలో వాటి శరీరాలు వసంతానికి సిద్ధమైపోయాయి. తర్వాతి పరిశోధకులు ఆ వెలుతురును గమనించేది కన్ను మాత్రమే కాదని, పుర్రె గుండా చొచ్చుకొచ్చే వెలుగును మెదడు లోతుల్లోని కణాలే పసిగడతాయని కనుక్కున్నారు. కళింగపట్నం ఉన్న 18 డిగ్రీల అక్షాంశంలో ఏడాదిలో అతి పొట్టి పగటికీ అతి పొడవు పగటికీ తేడా రెండుంపావు గంటలు మించదు. శివరాత్రికి చలి పోయిందని మనం దుప్పటి మడిచే రోజుల్లో, రోజుకు నిమిషం చొప్పున పెరిగే పగటిని ఈ పిట్టలు లెక్కపెడుతుంటాయి. దానితో పాటు లోపల ఒక ఏడాది గడియారమూ ఉంది. జర్మనీలో ఎబర్‌హార్డ్ గ్విన్నర్ వార్బ్లర్ పిట్టలను పగలూ రాత్రీ మారని గదుల్లో ఉంచితే కూడా వలస వేళకు అవి రాత్రులు నిద్రపోక రెక్కలు కొట్టుకున్నాయి.

నౌపడ వైపు వెళితే దృశ్యం మారుతుంది. ఉప్పు మడులు, తంపర అనే చిత్తడి నేల, బురద మైదానం. పోటుకు మొగ దగ్గర బురద మునిగాక పిట్టలు ఈ మడుల్లో చేరతాయి. చీలమండ లోతు కూడా లేని నీటిలో పొట్టి కాళ్లవీ తినగలవు, గట్ల మీద నిద్రపోగలవు. ఇంత ఉప్పు తిని ఎలా బతుకుతాయన్నది న్యాయమైన సందేహం. కళ్ల పైన పుర్రె గుంటల్లో ఒక జత గ్రంథులుంటాయి. రక్తంలో ఎక్కువైన ఉప్పును సముద్రపు నీటికంటే చిక్కటి ద్రావణంగా మార్చి ముక్కు రంధ్రాల నుంచి వదిలేస్తాయి. క్నూట్ ష్మిట్ నీల్సన్ 1957లో నీటికాకుల్లో దీన్ని కనుక్కున్నాడు. గట్టు మీద నిలబడ్డ సముద్రపు కాకి ముక్కు కొసన వేలాడే చుక్కను చూసి జలుబనుకునేరు, అది ఉప్పు.

ఈ తంపర, సోంపేట బీల లాంటి చిత్తడి నేలలు ప్రభుత్వ కాగితాల్లో చాలా కాలం పనికిరాని నేలలే. వాటిలో థర్మల్ కేంద్రాలు వద్దని జనం తిరగబడితే సోంపేటలో 2010 జూలై 14న, కాకరాపల్లిలో 2011 ఫిబ్రవరి 28న కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. వాళ్లు పోరాడింది పిట్టల కోసం కాదు, చేప కోసం, పశువుల మేత కోసం, నీటి కోసం. కానీ ఆ మూడూ ఉన్న చోటే పిట్టా ఉంటుంది. భావనపాడు పక్కన మూలపేట దగ్గర 2023 ఏప్రిల్ 19న ఓడరేవుకు శంకుస్థాపన అయింది. తీరం వెంట ఉత్తరానికి పోయే ఇసుకకు కట్ట అడ్డం వస్తే దక్షిణాన పోగుపడుతుంది, ఉత్తరాన కోత పడుతుంది. విశాఖ వాళ్లు దీన్ని తమ బీచ్‌లో ఏళ్లుగా చూస్తున్నారు. మొగల దగ్గర బురద ఎక్కడ మిగులుతుందో ఇక నది, సముద్రం రెండే నిర్ణయించవు.

వసంతంలో ఇసుక దిబ్బ మీద నడిచేటప్పుడు ఒక్క జాగ్రత్త. అందరూ ప్రయాణానికి సిద్ధమవుతుంటే ఇక్కడే ఉండిపోయి కాపురం పెట్టేవి కొన్ని ఉన్నాయి, కెంటిష్ ప్లవర్, లిటిల్ టెర్న్. గూడంటే ఇసుకలో అరచేతి మందం గుంట. అందులో ఇసుక రంగు గుడ్లు, మీద నల్ల గీతలు. రెండడుగుల దూరంలో ఉన్నా కనబడవు, కాలి కింద పడ్డాకే తెలుస్తుంది. ప్లవర్ మీ ముందు రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ పరుగెడితే దాని వెనక పోకుండా, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి తిరగండి.

మిగతా పక్షులు గుడ్లను వెచ్చగా ఉంచడానికి పొదుగుతాయి. ఈ ఎండలో వీటి బాధ తిరగేసి ఉంటుంది. ఏప్రిల్ మిట్టమధ్యాహ్నం ఇసుక మీద చెప్పు లేకుండా నిలబడలేం, గుడ్డు లోపలి పిండం నలభై రెండు డిగ్రీల దగ్గర ఎక్కువసేపు బతకదు. అందుకని తల్లీ తండ్రీ వంతులు వేసుకుంటాయి. ఒకటి గుడ్ల మీద నీడ పడేలా కాళ్ల మీద లేచి నిలబడితే రెండోది నీటి అంచుకు పరుగెత్తి, పొట్ట ఈకలు తడిసేలా కూర్చుని లేచి, తిరిగి వచ్చి ఆ తడి పొట్టను గుడ్లకు ఆనిస్తుంది. ఎండ ముదిరిన కొద్దీ ఈ వంతులు నిమిషాల్లోకి వస్తాయి. ఆ సమయంలో సెల్ఫీ కోసమో క్రికెట్ కోసమో మనం అక్కడ అరగంట నిలబడితే ఆ గుడ్లు ఉడికిపోతాయి. ఇదే తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ల గుడ్లకు కంచె ఉంది, కాపలా ఉంది, మంచిదే. వాటి పక్కనే ఉన్న పిట్ట గుడ్డుకు కుక్కల నుంచీ ట్రాక్టరు చక్రం నుంచీ కాపాడే దిక్కు లేదు.

ఏప్రిల్ చివరికి ఇటుక రంగు పిట్టలు ఒక్కొక్క గుంపే లేచిపోతాయి. మే నెలలో వెళ్లినా మొగ పూర్తిగా ఖాళీగా ఉండదు. రంగు మారని బూడిద పిట్టలు కొన్ని అలాగే తిరుగుతుంటాయి. అవి నిరుడు పుట్టిన పిల్లలు. పెళ్లి వయసు రానివి అంత దూరం పోయి చేసేదేమీ లేదు గనక మొదటి వేసవిని ఇక్కడే గడిపేస్తాయి.

వెళ్లినవాటి అదృష్టం లెమ్మింగులనే ఎలుక జాతి జంతువుల చేతిలో ఉంటుంది. తైమిర్‌లో ఇవి మూడేళ్లకొకసారి విపరీతంగా పెరిగి, తర్వాత పడిపోతాయి. పెరిగిన ఏడు మంచు నక్కల కడుపు వాటితోనే నిండుతుంది, పిట్ట పిల్లలు బతుకుతాయి. పడిపోయిన ఏడు నక్కలు గూళ్ల మీద పడతాయి. మంచు ముందుగా కరగడం ఇప్పుడు కొత్త చిక్కు. పురుగులు ముందే పుట్టి ముగిసిపోతే పిల్లలకు తిండి చాలదు. తైమిర్‌లో అలా అర్ధాకలితో పెరిగిన రెడ్ నాట్లు పొట్టి ముక్కులతో ఆఫ్రికాలోని మారిటేనియా తీరం చేరి, లోతు గుల్లలు అందక చనిపోతున్నాయని యాన్ వాన్ హిల్స్ బృందం 2016లో సైన్స్ పత్రికలో రాసింది.

కర్ల్యూ శాండ్‌పైపర్లలో మగవి గుడ్లు పొదగవు, జత కట్టిన కొన్నాళ్లకే వెనుదిరుగుతాయి. అందుకే జూలై ఆఖరికే, ఇటుక రంగు ఇంకా పూర్తిగా వదలని పిట్టలు మొగలో దిగుతాయి, అవి ముందొచ్చే మగవి. తర్వాత ఆడవి. పిల్లలు ఆగస్టు చివర నుంచి అక్టోబరు దాకా, పెద్దలు తోడు లేకుండా, దారి చూపేవాళ్లు లేకుండా వస్తాయి. వాటి వీపు ఈకల అంచులు తెల్లగా, పొలుసులు పేర్చినట్టు ఉంటాయి, దూరం నుంచి కూడా తేడా తెలుస్తుంది. మన నీటి పక్షుల లెక్కలు జనవరిలోనే జరుగుతాయి, అప్పటికి ఆ అంచులు అరిగిపోతాయి. సెప్టెంబరులో వంశధార వరద తగ్గాక ఒక పూట వెళ్లి, వంద పిట్టల్లో పొలుసుల వీపువి ఎన్నో రాసుకుంటే చాలు. నాలుగేళ్లు వరసగా రాసినవాళ్ల నోట్‌బుక్‌లో తైమిర్ లెమ్మింగుల ఏడూ నక్కల ఏడూ వేరువేరుగా కనిపిస్తాయి.